డాండెలియన్ ఆకు, పువ్వు, వేరు: ఏది ఎప్పుడు కోయాలి, ఎవరు దూరంగా ఉండాలి

మీ ప్రశ్నలో మూడు విషయాలున్నాయండి. గడ్డి నిండా మొలిచిన డాండెలియన్ ఆకులు వండుకుని తినవచ్చా అన్నది ఒకటి. వేరు ఎప్పుడు తవ్వాలి, ఎలా ఎండబెట్టాలి అన్నది రెండోది. వేరు పొడి లివర్‌ని శుభ్రం చేస్తుందని వీడియోల్లో చెబుతున్నారు కదా, ఫ్యాటీ లివర్ ఉండి, బీపీ మాత్రతో పాటు రక్తం పల్చబడే మాత్ర కూడా వేసుకుంటున్న మీ నాన్నగారికి ఇవ్వవచ్చా అన్నది మూడోది. మొదటిదానికి నా జవాబు: మొక్క అదేనని, నేల శుభ్రమైనదని తేలాక హాయిగా తినండి. మూడోదానికి జవాబు: ఆయన డాక్టరుతో మాట్లాడకుండా వద్దు. ఈ మొక్కను ఏళ్ల తరబడి కోస్తూ, వండుతూ, ఎండబెడుతూ వస్తున్నాను. నా లెక్కలో ఇది ముందు మంచి ఆకుకూర. మందుగా దీనికున్న చోటు చిన్నది, దానికి హద్దులు కూడా గట్టివే. వీడియోల్లో దీన్ని తిరగేసి చెబుతున్నారు.

ముందు మొక్క సంగతి. పసుపు పువ్వు పూసి, ఆ తర్వాత తెల్లని దూది బంతిలా మారి గింజలు గాలికి వదిలే ప్రతి మొక్కా డాండెలియన్ కాదు. అసలైన డాండెలియన్‌కి (శాస్త్రీయ నామం తరాక్సకం అఫిసినాలే) ఆకులన్నీ నేలను అంటిపెట్టుకుని ఒకే చోటి నుంచి చుట్టూ పరుచుకుంటాయి. కాడ మీద ఆకులుండవు. ఆకు అంచున లోతైన పళ్లుంటాయి, వాటి మొనలు మొక్క మధ్యభాగం వైపు తిరిగి ఉంటాయి. తడిమితే ఆకు నున్నగానే తగులుతుంది, నూగు దాదాపు ఉండదు. పూకాడ లోపల బోలుగా ఉంటుంది, కొమ్మలు వేయదు, ఒక్క కాడకు ఒక్క పువ్వే. ఎక్కడ తుంచినా తెల్లని పాలు కారతాయి. పువ్వులో మధ్యన బొడ్డు, చుట్టూ రెక్కలు అని వేరుగా ఉండవు, మొత్తం సన్నటి నాలుకల్లాంటి రెక్కలే. పువ్వు అడుగున బయటి ఆకుపచ్చ పొర వెనక్కి వంగి ఉంటుంది. తవ్వి చూస్తే ఒకే లావుపాటి తల్లివేరు.

ఈ గుర్తుల్లో ఒకటో రెండో కలిస్తే చాలనుకోకండి, అన్నీ కలవాలి. క్యాట్స్ ఇయర్ అనే మొక్క దూరం నుంచి అచ్చం ఇలాగే ఉంటుంది. కానీ దాని ఆకుకు గరుకైన నూగు ఉంటుంది, పూకాడ గట్టిగా ఉండి చీలి కొమ్మలు వేస్తుంది. సోంకస్ జాతి మొక్కల్లో కాండం నిలువుగా పెరిగి, ఆకులు ఆ కాండాన్ని పట్టుకుని ఉంటాయి, పైన గుత్తిగా పూలు పూస్తాయి. ఈ రెండూ తినదగినవే, పొరబాటున కోసినా భయం లేదు. వేడి ప్రాంతాల్లో చాలామంది గడ్డి చామంతిని డాండెలియన్ అనుకుంటారు. దాని ఆకులు పాకే కాండం మీద ఎదురెదురుగా వస్తాయి, పువ్వుకు పసుపు బొడ్డు చుట్టూ కొద్దిపాటి తెల్లని రెక్కలుంటాయి, తుంచితే పాలు రావు. డాండెలియన్ చల్లని వాతావరణం మొక్క. ఎండలు మండే మైదానాల్లో దాన్ని చూశామంటే రెండోసారి పరిశీలించడం మంచిది.

అసలు జాగ్రత్త పడవలసింది రాగ్‌వర్ట్ దగ్గర. పూతకు రాకముందు అది కూడా నేల మీద ఆకులు పరుచుకుని ఉంటుంది. అందులో పిరోలిజిడిన్ ఆల్కలాయిడ్లనే విషపదార్థాలుంటాయి, అవి నేరుగా లివర్‌నే దెబ్బతీస్తాయి. లివర్ బాగుపడాలని కోసినవాళ్లు దీన్ని కోస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. కోల్ట్స్‌ఫుట్ అనే ఇంకో పసుపు పువ్వులోనూ అవే విషాలున్నాయి. అది ఆకు రాకముందే పూస్తుంది, కాడ పొడుగునా పొలుసులుంటాయి. రాగ్‌వర్ట్‌కి పాలు కారవు కాబట్టి పాలు లేని మొక్కను అక్కడే వదిలేయండి. అలాగని పాలుంటే చాలు అనుకోవద్దు, యుఫోర్బియా జాతి మొక్కలకూ పాలుంటాయి, అవి విషం. అనుమానం తీరకపోతే పువ్వు వచ్చేదాకా ఆగి, ఆ చోటు గుర్తు పెట్టుకుని, మరుసటి ఏడు లేతాకు కోసుకోండి. ఇది ఏళ్ల తరబడి బతికే మొక్క, ఎక్కడికీ పోదు.

ఇక నేల. చాలామంది పట్టించుకోనిది ఇదే, నేను అన్నిటికంటే ఎక్కువ పట్టించుకునేది కూడా ఇదే. డాండెలియన్ మట్టిలోని సీసం, కాడ్మియం లాంటి భారలోహాలను తనలోకి తీసుకుంటుంది. ఒక ప్రాంతంలో కాలుష్యం ఎంతుందో కొలవడానికి పరిశోధకులు ఈ మొక్కనే కోసి పరీక్షిస్తారంటే ఆలోచించండి. రోడ్డు పక్కన, రైలు పట్టాల పక్కన, ఫ్యాక్టరీల దగ్గర, పాత భవనాల గోడల కింద (పాత రంగుల్లో సీసం ఉండేది, అది రాలి మట్టిలో చేరుతుంది) మొలిచినవి వద్దు. ఎంత కడిగినా పైన పడ్డ దుమ్ము పోతుందే తప్ప, లోపల చేరింది పోదు.

కలుపు మందు ఇంకో సమస్య. 2,4-డి, డైకాంబా లాంటి మందులు గడ్డిని వదిలేసి వెడల్పాటి ఆకుల మొక్కలను చంపుతాయి. డాండెలియన్‌ని చంపడానికే చాలామంది అవి చల్లుతారు. కాడలు మెలికలు తిరిగి, ఆకులు వంకర్లు పోయి కనిపిస్తే మందు పడిందని అర్థం. కానీ చల్లిన వెంటనే చూస్తే మొక్క మామూలుగానే ఉంటుంది, కాబట్టి కళ్లను నమ్మకుండా ఆ స్థలం వాళ్లను అడగండి. మీ సొంత గడ్డి అయినా ఎరువు సంచి మీద ఏం రాసుందో ఒకసారి చూడండి, కలుపు మందు కలిపిన ఎరువులు కూడా అమ్ముతారు. మందు పడిందని తెలిస్తే నేనైతే ఆ సీజన్ మొత్తం అక్కడ కోయను.

గొర్రెలు, పశువులు మేసే తడి నేలల్లో కోసిన ఆకు పచ్చిగా తినకండి. లివర్ ఫ్లూక్ అనే పరాన్నజీవి పిల్లదశలో అలాంటి చోట్ల ఆకులకు అంటుకుని ఉంటుంది. నీటి మొక్కల ద్వారా సోకడం ఎక్కువే అయినా, అడవి డాండెలియన్ ఆకు ద్వారా కూడా మనుషులకు సోకింది. వేడి తగిలితే చచ్చిపోతుంది కాబట్టి అలాంటి చోటి ఆకు ఉడికించే తినాలి. కుక్కలను తిప్పే చోట్ల గురించి వేరే చెప్పను.

ఆకు ఎప్పుడు కోయాలంటే, వసంతం మొదట్లో, మొగ్గ ఇంకా పైకి లేవకముందు. ఆ కొద్ది వారాల్లో ఆకు లేతగా, చేదు తక్కువగా ఉంటుంది. పువ్వు వచ్చిందంటే చేదు పెరుగుతుంది, ఈనె గట్టిపడుతుంది. శరదృతువులో చలి మొదలయ్యాక వచ్చే కొత్త చిగురు మళ్లీ బాగుంటుంది. ఎండలో పెరిగిన మొక్క కన్నా నీడలో, పొడుగు గడ్డి మధ్య పెరిగిన మొక్క ఆకు మెత్తగా, చేదు తక్కువగా ఉంటుంది. మీ పెరట్లోదే కాబట్టి ఇంకో పని చేయవచ్చు: మొక్క మీద ఒక కుండ బోర్లించి, వెలుతురు పడకుండా వారం పది రోజులు ఉంచండి. లోపలి ఆకులు పాలిపోయి లేత పసుపు రంగుకు వస్తాయి, చేదు బాగా తగ్గుతుంది. చేదంటే ముఖం తిప్పుకునేవాళ్లు ఇంట్లో ఉంటే ఇది తప్పక చేయండి. వెలుతురు లేని ఆకులో విటమిన్లు కొంత తగ్గుతాయి, అది ఒప్పుకోవాల్సిందే.

కోసేటప్పుడు ఒక్కో ఆకూ తుంచడం కన్నా, సన్నటి కత్తిని నేలకు కాస్త కిందుగా పోనిచ్చి, వేరు మొదలయ్యే చోట కోస్తే ఆకుల గుత్తి మొత్తం విడిపోకుండా చేతికొస్తుంది. ఆ మొదలు భాగం, అంటే ఆకులన్నీ కలిసే తెల్లటి ముడి, మొక్క మొత్తంలో నాకు బాగా ఇష్టమైన ముక్క. దాని మధ్యలో ఇంకా విచ్చుకోని చిన్న మొగ్గలు దాగి ఉంటాయి. మట్టి మాత్రం ఆ ముడిలోనే ఇరుక్కుంటుంది. నిలువుగా రెండుగా చీల్చి, గిన్నెడు నీళ్లలో నానబెట్టి, నీళ్లు మార్చి మార్చి కడగాలి. వేరు నేలలోనే ఉంటుంది కాబట్టి కొన్ని వారాల్లో మళ్లీ చిగురిస్తుంది. కలుపు తీసేవాళ్లు విసుక్కునే గుణం, కోసుకుని తినేవాళ్లకు వరం.

పోషకాల సంగతికొస్తే ఇది గట్టి ఆకుకూరే. 100 గ్రాముల పచ్చి ఆకులో సుమారు 45 కేలరీలు, 187 మిల్లీగ్రాముల కాల్షియం, 3 మిల్లీగ్రాముల ఇనుము, 35 మిల్లీగ్రాముల విటమిన్ సి, దాదాపు 400 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటాయి. విటమిన్ ఎ కూడా పుష్కలం. విటమిన్ కె మాత్రం 778 మైక్రోగ్రాములు. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 90 నుంచి 120 మైక్రోగ్రాములే. ఈ ఒక్క అంకె గుర్తు పెట్టుకోండి, మీ నాన్నగారి సంగతి మాట్లాడేటప్పుడు దీని దగ్గరికే వస్తాను.

వండటంలో మొదటి సూత్రం, చేదుతో పోట్లాడకుండా దానికి జోడీ ఇవ్వడం. ఉప్పు, నూనె లేదా మరేదైనా కొవ్వు, పులుపు: ఈ మూడూ పడితే చేదు వెనక్కి తగ్గుతుంది. లేతాకు పచ్చిగా తినాలంటే సన్నగా తరిగి, ఇతర ఆకులతో కలిపి, నిమ్మరసం, నూనె, ఉప్పు పట్టించి పది నిమిషాలు ఉంచండి. ముదిరిన ఆకు అయితే పచ్చిగా వద్దు. బాగా మరిగే ఉప్పు నీళ్లలో వేసి రెండు మూడు నిమిషాలు ఉడకనిచ్చి, నీళ్లు వంపేసి, చల్లటి నీళ్లలో ముంచి, పిండాలి. నీళ్లు ఎక్కువగా ఉండాలి, తక్కువ నీళ్లలో ఉడికిస్తే చేదు ఎక్కడికీ పోదు. ఆ తర్వాత వెల్లుల్లి వేగిన నూనెలో కాసేపు మగ్గిస్తే సరిపోతుంది. వంపేసిన నీళ్లతో పాటు విటమిన్ సి, పొటాషియం కొంత పోతాయి. అది చూసి కొందరు నీళ్లు పారబోయవద్దంటారు. తినలేని చేదులో పోషకాలెన్నుంటే ఏం లాభం అన్నది నా మాట. ఆకు ఉడికితే బాగా దగ్గరపడుతుంది, కాబట్టి పచ్చిగా ఉన్నప్పుడు గిన్నె నిండా కనిపించినా కంగారు పడకండి.

మొదటిసారి తినేవాళ్లు కొద్దిగా, ఒక పిడికెడు ఉడికిన ఆకుతో మొదలుపెట్టండి. చామంతి, క్యామోమైల్, రాగ్‌వీడ్ కుటుంబం మొక్కలు పడనివాళ్లకు ఇది కూడా పడకపోవచ్చు, అన్నీ ఒకే కుటుంబం. పాలు తగిలితే కొందరికి చర్మం దురద పెడుతుంది, దద్దుర్లు వస్తాయి. అందరికీ మాత్రం వేళ్లకు గోధుమరంగు మరక అంటుకుంటుంది, అది సబ్బుకు ఒక పట్టాన పోదు. ఎక్కువగా కోసేరోజు గ్లవుజులు వేసుకోండి. ఆ పాలలో రబ్బరు ఉంటుంది. దీని బంధువు, కజకిస్తాన్ ప్రాంతపు కోక్-సాఘిజ్ అనే డాండెలియన్‌ని 1930లలో సోవియట్ యూనియన్ రబ్బరు కోసం సాగు చేయడం మొదలుపెట్టింది. టైర్ల కోసం ఆ ప్రయత్నాలు ఇప్పటికీ సాగుతున్నాయి.

పువ్వు గురించి ఎక్కువ చెప్పను, అది సరదాకే. ఎండ బాగా ఉన్న రోజు, ఉదయం మంచు ఆరిపోయాక, పూర్తిగా విచ్చుకున్నవి కోయాలి. సాయంత్రానికి ముడుచుకుంటాయి, కోసి పెట్టినా ముడుచుకుంటాయి, కాబట్టి కోసిన రోజే వాడాలి. కింది ఆకుపచ్చ భాగం చేదు, పసుపు రెక్కలు మాత్రమే లాగి తీసుకోవాలి. ఆ పనికి ఓపిక కావాలి. రెక్కల మీద మరిగే నీళ్లు పోసి రాత్రంతా ఉంచి, వడకట్టి, చక్కెర, నిమ్మరసం వేసి పాకం వచ్చేదాకా కాచితే తేనెలాంటి సిరప్ వస్తుంది. తేనె ‘లాంటిది’ అన్నాను, అది చక్కెర పాకమే. షుగర్ ఉన్నవాళ్లకు ఆరోగ్యకరమైన తేనె అంటూ పోయకండి. విచ్చుకోని గట్టి మొగ్గలను నూనెలో వేయించుకోవచ్చు, ఉప్పు వేసిన వినెగర్‌లో ఊరబెట్టుకోవచ్చు. అన్నీ కోసేయకుండా తేనెటీగలకు కొన్ని వదలండి. విత్తనాలు రావేమోనన్న బెంగ మాత్రం వద్దు. చాలా డాండెలియన్లు పరాగసంపర్కమే అవసరం లేకుండా విత్తనం కడతాయి. మీరెంత కోసినా అది ఆగదు.

వేరు దగ్గర సమయం బాగా ముఖ్యం. ఎందుకంటే ఒకే వేరు ఏడాదిలో రెండు వేర్వేరు సరుకుల్లా మారుతుంది. వేసవి పొడుగునా ఆకు తయారుచేసిన పిండిపదార్థాన్ని మొక్క ఇనులిన్ రూపంలో వేరులో దాచుకుంటుంది. శరదృతువుకు వేరు ఎండు బరువులో 40 శాతం దాకా ఇనులినే ఉండవచ్చు. చలికాలమంతా దాన్ని ఖర్చు చేసుకుని, వసంతంలో చిగుర్లు వేశాక రెండు శాతం దగ్గరికి పడిపోతుంది. అందుకే వేయించి కాఫీలా తాగాలన్నా, కూరగా వండాలన్నా శరదృతువు వేరే కావాలి, అది తియ్యగా, కండగా ఉంటుంది. వసంతపు వేరు సన్నగా, నారగా, బాగా చేదుగా ఉంటుంది. ఆకలి కోసం చేదు కషాయం కాచుకునేవాళ్లు మాత్రం దాన్నే ఇష్టపడతారు. ఏడాది కూడా నిండని మొక్కను తవ్వడం దండగ. కనీసం రెండేళ్ల మొక్క అయితే చిటికెనవేలు లావు వేరు వస్తుంది.

తవ్వడానికి వాన పడిన మరుసటి రోజు చూసుకోండి. మొక్కను పట్టుకుని లాగితే పైముక్క చేతికొచ్చి మిగతాది నేలలో ఉండిపోతుంది. మొక్కకు ఒక జానెడు దూరంలో తోట ఫోర్కు గానీ సన్న గడ్డపార గానీ నిలువుగా దించి, మట్టిని రెండు మూడు వైపుల నుంచి వదులు చేశాక, అప్పుడు మెల్లగా పైకి తీయండి. వేరు సాధారణంగా 15 నుంచి 45 సెంటీమీటర్ల లోతుకు పోతుంది, మెత్తటి నేలలో ఇంకా దిగుతుంది. చివర విరిగిందని బాధపడకండి, మిగిలిన ముక్క నుంచే కొత్త మొక్క వస్తుంది. పెరట్లో కలుపు పోవాలని తవ్వేవాళ్లకు ఇది చేదు వార్త.

వేరును బ్రష్‌తో రుద్ది కడగండి, తొక్క తీయనవసరం లేదు. తరగడం ఆ రోజే చేయాలి. ఎండిన వేరు కట్టెలా గట్టిపడుతుంది, తర్వాత కత్తికి లొంగదు. లావు వేళ్లను నిలువుగా చీల్చి, ఆ తర్వాత చిన్న ముక్కలుగా కోయండి. చీల్చకుండా ఎండబెడితే పైన ఎండినట్టు కనిపించి లోపల బూజు పడుతుంది. నీడలో, గాలి బాగా ఆడే చోట పలచగా పరిచి గానీ, 40 డిగ్రీల దగ్గర ఆరబెట్టే యంత్రంలో పెట్టి గానీ, వంచితే పుటుక్కున విరిగేదాకా ఎండబెట్టండి. మూత గట్టిగా ఉన్న సీసాలో వేసి, మొదటి వారం రోజూ ఒకసారి సీసా లోపల తేమ పట్టిందేమో చూడండి. తేమ కనిపిస్తే తీసి మళ్లీ ఆరబెట్టాలి. ఎండు వేరును పురుగు చాలా ఇష్టంగా తింటుంది, కాబట్టి ఏడాదికి సరిపడా కన్నా ఎక్కువ దాచడం నాకు నచ్చదు. టీ కోసం ఆకు ఎండబెట్టాలంటే అది కూడా నీడలోనే. ఎండాక పచ్చగానే ఉండాలి, గోధుమరంగుకు తిరిగితే పారేయండి.

వేయించడానికి ఎండిన ముక్కలను ఓవెన్‌లో 150 నుంచి 180 డిగ్రీల దగ్గర పెట్టి, మధ్యమధ్య కలుపుతూ ఉండండి. మందపాటి బాణలిలో సన్న సెగ మీద కూడా చేయవచ్చు. అరగంట నుంచి గంట పట్టవచ్చు. గడియారాన్ని కాక ముక్కును నమ్మండి: ముందు మట్టి వాసన, తర్వాత కాల్చిన బ్రెడ్డు వాసన, ఆ తర్వాత చాక్లెట్‌కి దగ్గరగా ఒక కమ్మటి వాసన వస్తుంది. అక్కడే దించాలి. ఇంకో రెండు నిమిషాలుంచితే మాడు వాసనే మిగులుతుంది. చల్లారాక దంచి, కప్పుకు చెంచా నుంచి రెండు చెంచాల చొప్పున నీళ్లలో వేసి ఐదు నుంచి పది నిమిషాలు మరిగించి వడకట్టాలి. రుచి కాఫీకి దగ్గరగా ఉంటుంది, కెఫీన్ ఉండదు. ఇనులిన్‌ను మన పేగులు జీర్ణం చేసుకోలేవు, పేగుల్లోని బ్యాక్టీరియా దాన్ని తిని గ్యాస్ పుట్టిస్తుంది. మొదటిరోజే రెండు పెద్ద కప్పులు తాగి, పొట్ట ఉబ్బి, ఇది విషమేమోనని టెన్షన్ పడినవాళ్లున్నారు. అరకప్పుతో మొదలుపెట్టండి.

ఇప్పుడు మందు సంగతి. యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ డాండెలియన్ ఆకును, వేరును సంప్రదాయ మూలికా ఔషధాలుగా గుర్తించింది. ఆకును మూత్రం ధారాళంగా రావడానికి, చిన్నపాటి మూత్ర ఇబ్బందుల్లో తోడుగా వాడవచ్చంది. ఆకుతో కలిపిన వేరును కడుపు నిండినట్టుండటం, గ్యాస్, అరుగుదల మందగించడం, తాత్కాలికంగా ఆకలి తగ్గడం లాంటి వాటికి వాడవచ్చంది. ఈ గుర్తింపుకు ఆధారం దీర్ఘకాల వాడకమే, పెద్ద క్లినికల్ పరీక్షలు కావు. ఎండు ఆకు మోతాదు 4 నుంచి 10 గ్రాములు వేడి నీళ్లలో నానబెట్టి రోజుకు మూడుసార్లు. వేరు 3, 4 గ్రాములు కషాయంగా. పన్నెండేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు మందు మోతాదులో సిఫారసు చేయలేదు. రెండు వారాలు వాడినా తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మూత్రంలో మంట, జ్వరం, రక్తం ఉంటే రెండు వారాలు కాదు, రెండు రోజులు కూడా ఆగవద్దు.

మూత్రం ఎక్కువ వస్తుందన్న దానికి మనుషుల మీద చేసిన చిన్న పరీక్ష ఒకటుంది. 2009లో ప్రచురించిన ఆ అధ్యయనంలో 17 మందికి ఆకు సారాన్ని ఒక రోజులో మూడుసార్లు ఇచ్చారు. మొదటి మోతాదు తర్వాతి ఐదు గంటల్లో ఎక్కువసార్లు మూత్రానికి వెళ్లారు, రెండో మోతాదు తర్వాత తాగిన నీటితో పోలిస్తే మూత్రం పరిమాణం పెరిగింది, మూడో మోతాదుకు మార్పేమీ కనిపించలేదు. కాబట్టి ప్రభావం లేదని అనలేం. ఒక్కరోజు, 17 మంది మీద చూసిన ఆ ప్రభావాన్ని నమ్మి డాక్టరు రాసిన నీటి మాత్ర మానేయమని మాత్రం ఎవరూ చెప్పకూడదు.

‘లివర్ డిటాక్స్’ అన్న మాట దగ్గరే నాకు కోపం వస్తుంది. డాండెలియన్‌లోని చేదు పదార్థాలు నాలుకకు తగలగానే లాలాజలం ఊరుతుంది, జీర్ణరసాలు కదులుతాయి, పైత్యరసం ఎక్కువగా ప్రవహిస్తుందంటారు. లివర్‌కు మంచిదన్న పేరు అక్కడి నుంచే వచ్చింది. ఆ కారణం వల్లే పైన చెప్పిన యూరోపియన్ ఏజెన్సీ ఈ వేరును లివర్ జబ్బు ఉన్నవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు, పిత్తనాళం మూసుకుపోయినవాళ్లు, కడుపులో అల్సర్ ఉన్నవాళ్లు వాడకూడదని రాసింది. రాయి ఉన్న పిత్తాశయాన్ని గట్టిగా పిండితే ఆ రాయి నాళంలో ఇరుక్కోవచ్చు. అంటే వీడియోలు ఎవరికైతే ఇది మంచిదంటున్నాయో, జాగ్రత్తల జాబితాలో వాళ్లే ముందున్నారు. ఫ్యాటీ లివర్‌కు పని చేస్తాయని తేలినవి బరువు తగ్గడం, చక్కెర తగ్గించడం, మద్యం మానేయడం, రోజూ ఒళ్లు కదిలించడం. వేరు పొడి వాటికి బదులు కాదు.

క్యాన్సర్ గురించి కూడా కొందరు పంపుతున్నారు కాబట్టి ఒక మాట. కెనడాలోని విండ్సర్ విశ్వవిద్యాలయంలో డాండెలియన్ వేరు సారాన్ని క్యాన్సర్ కణాల మీద, ఎలుకల మీద పరీక్షించిన మాట నిజమే. గాజుపాత్రలో కణాన్ని చంపేవి చాలా ఉంటాయి. దాన్ని చూపించి ఎవరైనా చికిత్స వాయిదా వేస్తే అది ప్రాణం మీదికి వస్తుంది.

మందులతో కలిస్తే వచ్చే ఇబ్బందులు ఇవి. రక్తం పల్చబడటానికి ఇచ్చే వార్ఫరిన్ అనే మాత్ర పని చేసేదే విటమిన్ కెని అడ్డుకోవడం ద్వారా, కాబట్టి అంత విటమిన్ కె ఉన్న ఆకు ఒకరోజు గిన్నెడు తిని, తర్వాత మానేసి, మళ్లీ తింటూ ఉంటే రక్తం గడ్డకట్టే లెక్క పైకీ కిందికీ పోతుంది. కిడ్నీ సరిగా పనిచేయనివాళ్లు, హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు మందు మోతాదులో వాడకూడదు, ఒంట్లో పొటాషియం పెరిగే ప్రమాదముంది. బీపీ మాత్రల్లో ఎనలాప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టాన్, లోసార్టాన్, స్పైరనోలాక్టోన్ లాంటివి ఒంట్లో పొటాషియాన్ని నిలబెట్టేవే. వాటి మీద ఆకు టీ రోజుకు మూడుసార్లు పోస్తే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. లిథియం (కొన్ని మానసిక జబ్బులకు ఇచ్చే మందు) వాడేవాళ్లు మూత్రం పెంచే ఏ మూలికా ముట్టకూడదు, రక్తంలో లిథియం పెరిగి విషమవుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ వాడుతున్నప్పుడు కూడా మానేయడం మంచిది. చైనా రకం డాండెలియన్‌తో కలిపి ఇచ్చినప్పుడు ఎలుకల రక్తంలో ఆ మందు బాగా తగ్గిపోయింది.

మీ నాన్నగారి విషయంలో వేరు పొడిని ఇప్పటికి పక్కన పెట్టండి. ఫ్యాటీ లివర్ అన్నారు, పిత్తాశయంలో రాళ్లున్నాయో లేదో స్కానింగ్ రిపోర్టులో చూడండి, అవి ఉండి కూడా తెలియనివాళ్లు చాలామంది. రక్తం పల్చబడే మాత్ర అని మనం అనేవి అన్నీ ఒకటి కావు, మందుల చీటీలో పేరు చూడండి. అది వార్ఫరిన్ లేదా ఎసినోకౌమరాల్ అయితే ఆకు విషయంలో డాక్టరుకు ముందే చెప్పాలి. తింటే వారం వారం ఇంచుమించు ఒకే మొత్తం తినాలి, రక్తం గడ్డకట్టే లెక్క చూసే ఐఎన్ఆర్ పరీక్ష డాక్టరు చెప్పినట్టు చేయించుకోవాలి. ఎపిక్సబాన్, రివరోక్సబాన్ అయితే విటమిన్ కె గొడవ లేదు. క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ కూడా ఆ దారిలో పనిచేయవు. అప్పుడు చూడాల్సింది బీపీ మాత్ర, కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్, పొటాషియం అంకెలు. అవి మామూలుగా ఉండి డాక్టరు సరేనంటే, ఉడికించి నీళ్లు వంపిన ఆకు అప్పుడప్పుడూ కూరలో ఒక పిడికెడు తినడానికి పెద్దగా అభ్యంతరం ఉండదు. టీలు, పొడులు, సీసాల్లో అమ్మే సారాలు వేరే సంగతి, వాటికి మళ్లీ విడిగా అడగాలి. ఈలోపు ఇంట్లో మిగతావాళ్లు వండుకోవడానికి అడ్డేమీ లేదు. మీ మొక్కలకు ఇంకా మొగ్గ రాలేదన్నారు కాబట్టి ఈ వారమే కోయండి, వచ్చే వారానికి చేదెక్కుతుంది.